వడ్డించేవాడు మనవాడైతే

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పెళ్లిళ్లలో చూడండి. మొదటి బంతి వైభవమే వేరు. బూరెలు వేడివేడిగా, నెయ్యి ధారగా, “ఇంకొక్కటి, నా మాట విని ఇంకొక్కటి” అనే బలవంతంతో సహా విస్తట్లో పడతాయి. కడబంతికి వచ్చేసరికి పప్పు పలచబడి చారవుతుంది. చారు పలచబడి మంచినీళ్లవుతుంది. బూరె కావాలంటే వడ్డించే కుర్రవాడి చెయ్యి పట్టుకోవాలి. వంటవాళ్లు వాళ్లే, పొయ్యి అదే. అందుచేత ఎవరైనా వచ్చి “ఆ పెళ్లిలో భోజనాలు దివ్యంగా ఉన్నాయండీ” అంటే, మీరు ఏ బంతిలో కూర్చున్నారు, వడ్డించినవాడు మీకేమవుతాడు అని అడిగిన తరువాతనే నేను నమ్మేది.

పెళ్లి భోజనం గురించి ఎవరేమన్నా ఎవరికీ నష్టం లేదు. డబ్బిచ్చి తినం గదా! కాని పత్రికలో ఫలానా హోటల్లో భోజనం బ్రహ్మాండంగా ఉన్నదని అచ్చయితే, ఆ కాగితాన్ని నమ్ముకుని పిల్లాజెల్లాతో బయలుదేరే సంసారులుంటారు. నెలకో, రెండు నెలలకో ఒక్కసారి బయట తినే ఇల్లు మాది. మీలో చాలామందివీ అట్లాంటివే అయివుంటాయి. మాకు ఆ ఒక్క పూటా చెడితే మళ్లీ రెండు నెలలు ఆగాలి.

కిందటేడు మా మరిది కుటుంబం వచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ఆదివారం అనుబంధంలో అరపేజీ రాశారు. ఆ హోటల్లో ఉలవచారు తాగితే అమ్మమ్మ గుర్తుకొస్తుందట. వడ్డన అడక్కుండానే జరుగుతుందట. మొత్తం ఎనిమిది మందిమి వెళ్లాం. మెట్ల దగ్గరే ముప్పావుగంట నిలబడ్డాం. హోటలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఈ రెండు ముక్కలూ ఆ అరపేజీలో ఎక్కడా లేవు. ధరలూ లేవు. బిల్లు చూసి మా వారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. తరువాత ఎప్పుడో పత్రికల్లో పనిచేసే స్నేహితుడొకాయన చెప్పగా తెలిసింది. ఆ రాసినవారు తిన్నది హోటలు ప్రారంభించిన రోజున, పిలుపు మీద వెళ్లి, యజమాని స్వయంగా పక్కన నిలబడి వడ్డిస్తుంటేనట! మొదటి బంతి అన్నమాట. మేము వెళ్లింది కడబంతికి.

వంట మరీ తీసిపారేసేటట్టు లేదు. నా గొడవ హోటలుతో కాదు, రాతతో.

ఈ బంతుల సంగతిని లోకానికి బాగా చూపించినావిడ ఒకరున్నారు. పేరు రూత్ రైషల్. అమెరికాలో న్యూయార్కు టైమ్స్ పత్రికకు 1993 నుంచి 1999 వరకు హోటళ్ల మీద విమర్శలు రాసింది. ఆ ఊళ్లో ఆ పత్రిక ఇచ్చే నక్షత్రాలకు హోటళ్లవాళ్లు మన పరీక్షల ఫలితాలకు ఎదురుచూసినట్టు ఎదురుచూస్తారు. ఆవిడ ఉద్యోగంలో చేరకముందే ఆవిడ ఫోటో హోటళ్ల వంటిళ్లలో గోడలకెక్కింది, గుర్తుపట్టి మర్యాద చెయ్యడానికి. ఆవిడేం చేసిందంటే, సవరపు జుట్టు పెట్టుకుని, బట్టలూ నడకా మాటా మార్చుకుని, ఎక్కడో ఊళ్లో బడిపంతులమ్మగా పనిచేసి మానేసిన సాదాసీదా మనిషిలా తయారయింది. అట్లా వెళ్లింది ‘లె సర్క్’ అనే బహు గొప్ప హోటలుకి. చాలాసేపు కూర్చోబెట్టారు. పొగతాగేవాళ్ల మధ్యన ఓ మూల బల్ల చూపించారు. చేతిలో ఉన్న మద్యాల పట్టీ మరెవరికో కావాలని లాగేసుకున్నారు. మరొకసారి అదే హోటలుకి అసలు మనిషిగా వెళితే, స్పెయిన్ దేశపు రాజుగారు అవతల కాచుకుని ఉన్నారు గాని మీ బల్ల సిద్ధంగా ఉందని ఎదురొచ్చి తీసుకువెళ్లారు! 1993 అక్టోబరు 29వ తేదీన ఆ రెండు మర్యాదలనూ పక్కపక్కన పెట్టి రాసి, అంతవరకు నాలుగు నక్షత్రాలున్న ఆ హోటలుకి మూడే ఇచ్చింది. ఈ వేషాల కథలన్నీ 2005లో పుస్తకంగా కూడా వచ్చాయి.

మూడు నక్షత్రాలంటే చెడ్డ హోటలని కాదు సుమండీ. వంట గొప్పదేనని ఆవిడే ఒప్పుకుంది. కాని ఆ పత్రిక కొని చదివేవాళ్లలో రాజుగారి కంటె ముందు బల్ల దొరికేవాళ్లు ఎందరు? వాళ్లకి జరిగే మర్యాద ఏమిటో వాళ్లకి చెప్పాలి గదా. ఆవిడ కడబంతిలో కూర్చుని చూసి చెప్పింది. అదే ఆవిడ గొప్ప.

అయితే ఈ ఆచారం ఆవిడతో మొదలవలేదు. అదే పత్రికలో 1957లో క్రెయిగ్ క్లేబోర్న్ అనే ఆయన వంటల పేజీకి సంపాదకుడుగా చేరాడు. అంతవరకు ఆ కుర్చీలో ఆడవాళ్లే కూర్చునేవారు. ఈయన తల్లి మిసిసిపీ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో పూటకూళ్ల ఇల్లు నడిపింది. ఈయన స్విట్జర్లాండు వెళ్లి హోటలు పనులు నేర్పే పాఠశాలలో చదువుకుని వచ్చాడు. అంటే వంటింటి వాసన తెలిసినవాడు, వడ్డన మర్యాద తెలిసినవాడు. హోటళ్ల గురించి రాయడానికి ఆయన పెట్టుకున్న కట్టుబాట్లు చూడండి: ఎవరో చెప్పకుండా వెళ్లాలి. ఒక్కసారి తిని రాయకూడదు, పలుమార్లు తినాలి. బిల్లు పత్రికే చెల్లించాలి, హోటలువాడి కాఫీ కూడా ఊరికే తాగకూడదు. 1963లో నక్షత్రాలివ్వడం కూడా ఆయన హయాంలోనే మొదలయింది.

బిల్లు చెల్లించడమన్న మాట పైకి చిన్నదిగా కనిపిస్తుంది. “ఓ పూట భోజనానికి అమ్ముడుపోతామా!” అని రాసేవాళ్లకి రోషం కూడా వస్తుంది. అమ్ముడుపోవడం కాదండీ, మన పెంపకం అట్లాంటిది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని చిన్నప్పటినుంచీ చెప్పి పెంచుతారు. ఊరికే తిని వచ్చిన ఇంట్లో కూర మాడిందని బయట చెప్పేవాణ్ణి మనం మనిషిగా చూడం. మరి విమర్శకుడి పని ఏమిటి? వాసాలు లెక్కపెట్టడమే! అందుచేత ముందు తిండికి డబ్బిచ్చి, ఆ ఋణం లేకుండా చేసుకుని, ఆ తరువాత లెక్కపెట్టుకోవాలి. మంచి మనసున్నవాడే ఎక్కువగా ఇందులో పడతాడు. మొహమాటం లేనివాడికి ఉచిత భోజనం వల్ల ప్రమాదం లేదు.

దీనికి డబ్బు కావాలి. మూడుసార్లు, ప్రతిసారీ నలుగురు చొప్పున తింటేగాని పట్టీలో సగం వంటకాలు రుచి చూడడం కుదరదు. చిన్న పత్రికలకు అంత తాహతు ఎక్కడిది? పైగా హోటళ్లవాళ్లు ప్రకటనలిస్తారు. ఈ పేజీలో మెచ్చుకోలు, ఆ పేజీలో ప్రకటన. ప్రకటనలు వార్తలతో కలిసిపోకుండా స్పష్టంగా తెలియాలని మన ప్రెస్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. పోనీ, డబ్బు లేకపోతే మానెయ్యవచ్చు. లేదా “యజమాని పిలుపు మీద వెళ్లి తిన్నాం” అని కింద ఒక్క వాక్యం వెయ్యవచ్చు. ఆ వాక్యానికి కాగితం ఖర్చెంత? ఆ ఒక్కటీ ఉంటే మా అత్తగారు ఆ మెట్లు ఎక్కి ఉండేవారు కాదు.

ఇక రుచి సంగతి. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు గదా, మరి రుచిలో నిష్పక్షపాతం ఎక్కణ్ణించి వస్తుందని మా వారు వాదిస్తారు. నిజమే. గుంటూరు నాలుక గోదావరి పులుసులో బెల్లాన్ని సహించదు. గోదావరి నాలుకకు గుంటూరు పచ్చడి తగిలితే చెవుల్లోంచి పొగలు వస్తాయి. దీనికి మందు నాలుకను కోసిపారెయ్యడం కాదు, నాలుక ఊరు చెప్పడం. “నేను కారం తినేవాణ్ణి, నాకు చప్పగా ఉంది” అని రాస్తే చప్పిడి తినేవాళ్లు సంతోషంగా ఆ హోటలుకే వెళతారు. అంతకంటె ముఖ్యం, తినేదేమిటో తెలిసి తినడం. కోస్తానుంచి వెళ్లినవారెవరో వరంగల్లులో సర్వపిండి తిని, అడుగు మాడింది, గట్టిగా ఉంది అని మూతి విరిచారు. అమ్మా, గిన్నె అడుగున అంటుకుని ఎర్రగా కాలి, కరకరలాడే ఆ అడుగు కోసమే పిల్లలు కొట్టుకునేది! తెలియకుండా తిట్టడం అబద్ధం కాకపోవచ్చుగాని, దానిని విమర్శ అనలేం.

అభిప్రాయం వేరు, సంగతి వేరు అన్న ఈ ముక్క మీద కోర్టులు కూడా తలలు పట్టుకున్నాయి. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరంలో ‘గుడ్‌ఫెల్లాస్’ అనే హోటలుంది. 2000లో ఐరిష్ న్యూస్ పత్రిక విమర్శకురాలు అక్కడ తిని, కోలాలో గ్యాసు చచ్చిపోయిందని, ఓ కోడికూర నోట పెట్టలేనంత తియ్యగా ఉందని రాసి, అయిదింటికి ఒక్క మార్కు వేసింది. యజమాని దావా వేశాడు. 2007లో జ్యూరీ పత్రికను 25,000 పౌనులు ఇచ్చుకోమంది. పత్రికల్లో హోటళ్ల గురించి రాసేవాళ్లంతా గుండెలు పట్టుకున్నారు. 2008లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఏది జరిగిన సంగతి, ఏది రాసినావిడ అభిప్రాయం అన్న తేడా జ్యూరీకి సరిగా బోధపరచలేదని ఆ కోర్టు అభిప్రాయం.

నన్నడిగితే, కోలాలో గ్యాసు లేదనడం సంగతి. ఉంటే ఉంది, లేకపోతే లేదు. కూర మరీ తియ్యగా ఉందనడం అభిప్రాయం, దానికి ఎవరినీ కోర్టుకీడ్చకూడదు. సంగతుల దగ్గర మాత్రం రాసేవాడు పొరబడడానికి వీల్లేదు. ఎందుకంటే అవతల కూడా ఒక సంసారం ఉంది. హోటలంటే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని ఒక్కడే కాదు. రుబ్బేవాళ్లు, తోమేవాళ్లు, కూరలు వేసేవాడు, పాలు పోసేవాడు, వీళ్లందరి జీతాలూ బాకీలూ దాని మీద ఉన్నాయి. అసలు వంటవాడు చెల్లెలి పెళ్లికి ఊరెళ్లిన రోజున తిని, ఆ ఒక్క పూటతో హోటలుకి చావు రాయడం పాపం గదా. ఒక్కసారి తిని రాయకూడదన్న క్లేబోర్న్ కట్టుబాటు మనకెంత మేలో, వాళ్లకీ అంతే మేలు.

అంత కట్టుబాటుగల మనిషి 1975లో చేసిన పని చెబుతాను. ఒక టెలివిజను సంస్థ చందాల కోసం వేలం పెట్టింది. లోకంలో ఎక్కడైనా సరే, ఎంతయినా సరే, ఇద్దరికి ఒక భోజనం. ఖర్చు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీది. క్లేబోర్న్ 300 డాలర్లకు పాడుకున్నాడు. ఒక వంటగాడు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని పారిసు వెళ్లి, 31 వంటకాలు తిన్నాడు. బిల్లు 4,000 డాలర్లు! అది పత్రిక మొదటి పేజీలో వచ్చింది. లోపాలను కూడా దాచకుండా రాశాడు. నిష్పక్షపాతానికి లోటేమీ లేదు. అయినా పాఠకులు మండిపడి ఉత్తరాలు కురిపించారు. ఆ సంవత్సరమే న్యూయార్కు నగరం దివాలా అంచుకు వచ్చి నిలబడింది. జీతాలుంటాయో ఊడతాయో తెలియని ఇళ్లలో పొద్దున్నే ఆ పేజీ విప్పి చూసుకుంటే ఎట్లా ఉంటుంది? ఆ ఉత్తరాలు రాసినవాళ్లలో నేనూ ఉండేదాన్నే. ఆయన తూచింది సరిగానే తూచాడు గాని, ఎవరి కోసం తూస్తున్నాడో మరిచిపోయాడు.

రైషల్ మీద కూడా కోపాలు వచ్చాయి, అయితే సరిగ్గా ఎదురు కారణానికి. సేమియాల వంటి చారు వంటకాలు చేసే జపానువాళ్ల హోటలుకు మూడు నక్షత్రాలు ఇచ్చిందని! అంతకు ముందు ఆ పని చేసినాయనే నక్షత్రాల పరువు పోతోందని పత్రికవారికి ఫిర్యాదు రాశాడు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఫ్రెంచి పేర్లు ఉంటేనే గొప్ప వంట అనుకోవడం కూడా పక్షపాతమేనని ఎందరికో తోచదు. మన ఊళ్లలో మాత్రం లేదా? ఏసీ గదిలో తెచ్చిపెట్టిన పెసరట్టుకి అరపేజీ, సందు చివర బండి మీద పోసిన పెసరట్టుకి అరవాక్యం.

వీళ్లందరిలోకీ నా మనసుకు నచ్చినావిడ మెరిలిన్ హాగర్టీ. ఉత్తర డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్ అనే చిన్న ఊళ్లో హెరాల్డ్ పత్రికకు ఏళ్ల తరబడి రాసింది. 2012లో, అప్పటికావిడకు 85 ఏళ్లు, ఊళ్లో కొత్తగా వచ్చిన ‘ఆలివ్ గార్డెన్’ హోటలు గురించి రాసింది. అది దేశమంతా ఊరూరా కొట్లున్న మామూలు సంస్థ. వడ్డించే అమ్మాయి చెప్పిన వంటకం తిన్నానని, చలిరోజున వేడిగా హాయిగా ఉందని, పెట్టింది దండిగా పెట్టారని, ధర ఇంత అని, షర్బత్తు ఇస్తానంటే వద్దని మంచినీళ్లు తాగానని రాసింది. పట్నాల్లో గడుసువాళ్లు పడీపడీ నవ్వారు. ఇది విమర్శా అన్నారు. ఆ నవ్వుల నడుమ ఆంథొనీ బోర్డెయిన్ అనే పేరుమోసిన వంటగాడు, రచయిత ఆవిడ పక్షాన నిలబడి, 2013లో ఆవిడ రాతల్ని పుస్తకంగా వేయించాడు. ఆవిడ 2025లో పోయింది. ఆ రాతలో గడుసుతనం లేదు, నిజమే. కాని ఒక సంసారి ఆ ఊళ్లో పిల్లల్ని తీసుకువెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి కావలసినవన్నీ ఉన్నాయి.

వేషాల కాలం మాత్రం వెళ్లిపోతున్నది. 2010లో లాస్ ఏంజెలెస్‌లో ఐరీన్ విర్బిలా అనే విమర్శకురాల్ని హోటలువాళ్లు గుర్తుపట్టి, ముప్పావుగంట నిలబెట్టి, ఫోటో తీసి లోకానికి చూపించి, తిండి పెట్టకుండా పంపేశారు. అదే ఊళ్లో జోనథన్ గోల్డ్ 2015లో, ఎట్లాగూ నన్నందరూ గుర్తుపడుతూనే ఉన్నారు గదా అని తానే ముసుగు తీసేశాడు. జేబులో జేబులో ఫోటోలు తీసే యంత్రాలున్న రోజుల్లో మొహం దాచుకోవడం ఎవరి తరం? మొహం దాగకపోయినా ఫరవాలేదు. బిల్లు దాచవద్దు. గుర్తుపట్టిన వంటవాడు పెద్ద ముక్క వెయ్యగలడు గాని, రాత్రికి రాత్రి వంట నేర్చుకోలేడు.

ఇప్పుడు పత్రికల కంటె ఎక్కువగా ఫోనుల్లోనే ఈ మెచ్చుకోళ్లు. చెంచా నోట్లో పెట్టుకోకముందే కళ్లు మూసుకుని “ఆహా” అనే కుర్రాళ్లని మా పిల్లలు చూపిస్తుంటారు. డబ్బో, కానుకో పుచ్చుకుని చెప్పేవాళ్లు ఆ సంగతి కనపడేటట్టు వెల్లడించాలని 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కూడా నియమాలు పెట్టాయి. ఊరికే వచ్చిన వస్తువులు, ఊరికే జరిగిన హోటలు బసలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. “ఆహా” అన్న తరువాత ఆ ముక్క చెప్పేవాళ్లు ఎందరో మీరే చూస్తున్నారు గదా.

మా పక్కింటి పిన్నిగారు పత్రికలకు రాయరు. మా వీధి చివర మెస్సుకి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లారు, నాలుగుసార్లూ సొంత డబ్బు పెట్టుకుని. మొన్న గోడ మీదుగా అడిగాను, ఎట్లా ఉంది పిన్నిగారూ, ఆదివారం పిల్లల్ని తీసుకువెళదామనుకుంటున్నాను అని. “పప్పు నాలుగు రోజులూ బాగుంది. చారు రెండు రోజులే బాగుంది. గోంగూరలో ఉప్పు నాకు ఎక్కువే, మీ ఆయనకు సరిపోతుంది. చేతులు కడుక్కునే చోట సబ్బు లేదు. ఒంటిగంట దాటితే పెరుగు పులుస్తుంది, పన్నెండున్నరకే వెళ్లండి. అప్పడం రెండోది అడిగితే వేస్తాడు గాని మొహం అదోలా పెడతాడు” అన్నారు.

పన్నెండున్నరకే వెళ్లాలనుకుంటున్నాం. సబ్బు ఇంటినుంచి పట్టుకెళతాం.